తలుపు మీద రాసిన రేటు

ముందుగా ప్రమాణం. ఈ కింద రాయబోయే ప్రతి మాటా నిజం. మాది చీరాలలో గుడ్డల కొట్టు. ముప్పై ఏళ్ళుగా నా చేతిలో ఉన్న మీటరు బద్ద మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ బద్ద ఎంత నిఖార్సయినదో ఈ రాత కూడా అంత నిఖార్సయినది. మా బజారులో నన్ను కోతలరాయుడంటారు. వాళ్ళెవరూ ఊరు దాటి వెళ్ళినవాళ్ళు కాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే అందరూ చార్మినార్ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చార్మినార్ చూడలేదు. గోల్కొండ చూడలేదు. జూలో పులిని చూడలేదు, అదీ నన్ను చూడలేదు. నేను చూసింది ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నాలుగైదు కిలోమీటర్ల రోడ్డు, మళ్ళీ అదే రోడ్డు వెనక్కి. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, ఇవాళ బందంటే రేపు ధర్నా, ఎల్లుండి ఇంకోటి. అయినా ఆ కాస్త రోడ్డులో చూసిందే రాయడానికి సరిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్: తెగిన చెప్పు

అక్కావాళ్ళ ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ వెనక చైతన్యపురిలో. బావ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. తెనాలి వదిలి ఇరవై ఏళ్ళయింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో దిగుతూనే కుడికాలి చెప్పు తెగింది. ఊరికి రాగానే బేరం పడిందని నాకైతే సంతోషమే.

ఇక్కడ మా ఊరి పద్ధతి కొంచెం చెప్పాలి. చీరాలలో మొదట చెప్పే ధర ధర కాదు, పలకరింపు. చీర నాలుగొందలంటే ‘రండి, కూర్చోండి’ అని. నూట యాభైకి ఇస్తావా అంటే ‘పిల్లలు బాగున్నారా’ అని. ఈలోగా మంచినీళ్ళొస్తాయి, వర్షాల గురించి రెండు మాటలవుతాయి. రెండొందల ఇరవై దగ్గర ఇద్దరమూ నష్టపోయినట్టు మొహాలు పెట్టుకుని విడిపోతాం. అడిగినంతా ఇచ్చి వెళ్ళినవాడి మీద మాకు గౌరవం ఉండదు. వాడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి నవ్వుకుంటాం.

ఆ లెక్కలోనే రోడ్డు పక్కన చెప్పులు పరుచుకుని అమ్మే ఆయన రెండొందలంటే ఎనభై అన్నాను. ఆయన తలెత్తి చూశాడు.

“రెండు చెప్పులా సార్, ఒక్కటేనా?”

నూట ముప్పైకి బేరం తెగింది. గోధుమరంగు చెప్పులు, అద్దంలా మెరుస్తున్నాయి. ఇంటికెళ్తే అక్క కాళ్ళకీ అవే ఉన్నాయి, కాస్త చిన్నవి.

“ఎంతకి తీసుకున్నావే?” అన్నాను.

“వందకి. నువ్వు?”

“తొంభైకి,” అన్నాను. ఇది అబద్ధమే గానీ ఇంట్లో చెప్పింది కాబట్టి పైన వేసిన ఒట్టు కిందికి రాదు.

సాయంత్రం బావ చాయ్‌కి తీసుకెళ్ళాడు. దారిలోనే హెచ్చరించాడు. “ఒరేయ్, చాయ్ దగ్గర మాత్రం బేరమాడకు. నేను ఈ వీధిలో బతకాలి.” అక్కడ బేరం లేదు గానీ అంతకంటే ముచ్చటైన పద్ధతి ఒకటుంది. ‘వన్ బై టూ’ అంటే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసిస్తారు. అడిగినవాడికి సిగ్గు లేదు, పోసినవాడికి విసుగు లేదు. మా ఊళ్ళో ఒక చాయ్ ఇద్దరికి పొయ్యమంటే హోటలాయన మూడు తరాలు గుర్తుపెట్టుకుంటాడు.

ఎల్బీనగర్: బోణీ

మర్నాడు తెల్లవారకముందే లేచి ఎల్బీనగర్ చౌరస్తాకి వెళ్ళాను. ఊరు చూపించే బళ్ళు అక్కడుంటాయి. అంత పొద్దున్నే ఎందుకంటే బోణీ కోసం. ఏ వ్యాపారస్తుడైనా తొలి బేరాన్ని తిప్పి పంపడానికి జంకుతాడు. పంపితే రోజంతా గిరాకీ ఉండదని భయం. కొట్టువాడిని కాబట్టి ఆ భయం నాకూ ఉంది, అది ఎదుటివాడికి ఎక్కడుంటుందో కూడా తెలుసు.

స్టాండులో మొదట తగిలినవాడు మల్లేశ్. పెద్ద బండి, పెద్ద మీసం. నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూశాడు.

“తలకు ఐదొందలు సార్. మీకు కాబట్టి.”

నూట ముప్పై పెట్టి కొన్న చెప్పులు నా ధరని ఎక్కడికో తీసుకెళ్ళాయి. బేరం మొదలుపెట్టబోతూ పక్క బండి చూశాను. తెల్ల బండి, తలుపు మీద నీలం రంగు అక్షరాలు: ‘నగర దర్శనం. గోల్కొండ, చార్మినార్, మ్యూజియం, జూ, ట్యాంక్‌బండ్. తలకు 250. అందరికి ఇదే. చూపెట్టని జాగకు పైసలు వాపస్.’

ధర తలుపు మీద రాసుకున్న వ్యాపారిని నేను అంతకు ముందు చూడలేదు. పేకాటలో ముక్కలన్నీ ఎదుటివాడికి కనబడేలా పెట్టి కూర్చున్నట్టు అనిపించింది. ఓనరు యాదయ్య అద్దం తుడుస్తున్నాడు. నలభై దాటినవాడు, చౌటుప్పల్ అవతల పల్లె.

“రెండొందలు,” అన్నాను.

“తలుపు మీద రాసుంది గద సార్.”

“చదివాను. రెండొందలు.”

“చదివినంక గూడ అడుగుతున్నరంటే మీరు అటు దిక్కోళ్ళే.” కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. “గదే రేటు సార్. నిన్న వచ్చినోళ్ళకూ గదే, రేపు వచ్చేటోళ్ళకూ గదే.”

“నిన్న ఎవరైనా వచ్చారా?”

గుడ్డ ఆగింది. “నాలుగు దినాలాయె. బందులు గద.”

“అయితే నేను బోణీ. ఇవాళ్టికే కాదు, నాలుగు రోజులకీ. తిప్పి పంపుతావా?”

చెప్పడానికి ఇప్పుడు అంత గొప్పగా లేదు గానీ అప్పుడు చాలా గొప్పగా ఉంది. యాదయ్య అటూ ఇటూ చూసి నన్ను బండి వెనక్కి తీసుకెళ్ళాడు.

“సార్, గా తలుపు రాసి రెండు నెలలైతుంది. స్టాండుల అందరూ నవ్విన్రు. మల్లేశన్న పందెం గట్టిండు. ఒక్కలను, ఒక్క రూపాయి తక్కువకు ఎక్కించుకున్ననని తెలిస్తే నా చేతితోనే రంగు గీకాలె. గా తర్వాత వాళ్ళ లెక్కనే నేను గూడ మనిషిని జూసి రేటు చెప్పాలె. జర సమజ్ చేసుకోండ్రి.”

“నేనెవరికి చెబుతాను?”

“బోణీ ఎన్కకు పంపొద్దంటరు,” అని తనలో తనే అనుకున్నాడు. నా రెండొందలు తీసుకున్నాడు. తీసుకుని, “ఇంజిన్ మీద చెయ్యి వెట్టి చెప్పుండ్రి, ఎవ్వరికి చెప్పనని,” అన్నాడు. పెట్టాను, చెప్పాను. బానెట్ చల్లగా ఉంది.

గంటలో ఇంకో అయిదుగురు ఎక్కారు. సూర్యాపేట నుంచి లలితమ్మ టీచర్, లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె పక్కన మాట్లాడని భర్త. కాకినాడ నుంచి భార్యాభర్తలు, వాళ్ళ పదేళ్ళ పాప. అందరూ రెండొందల యాభై ఇచ్చారు. మల్లేశ్ తన ఖాళీ బండికి ఆనుకుని చూస్తున్నాడు.

కొత్తపేట: బత్తాయిలు

బండి కదిలాక ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మా తాత సముద్రపొడ్డున ఉప్పు కొంటూ కొసరు అడిగితే, సముద్రమే ఒక అలతో గుమ్మం దాకా ఉప్పు పోసి వెళ్ళిందని చెప్పాను. లలితమ్మ టీచర్ వెనక్కి తిరక్కుండా బొటనవేలు మడిచింది.

“ఒకటి,” అంది.

మా పక్కింటాయన రైలు టికెట్టుకి బేరమాడి, సగం ధరకి ఒప్పించి, సగం సీటులో కూర్చుని మద్రాసు వెళ్ళిన సంగతి చెప్పాను.

“రెండు.”

మా కొట్లో చీర కొన్నావిడ బేరమాడి ఆడి, ఆ చీర చిరిగిపోయాక డబ్బిచ్చిందని చెప్పాను. కాకినాడ పాప కిసుక్కున నవ్వింది. టీచర్ మధ్యవేలు మడిచింది. “మూడు. మీరు అబద్ధం ఆడేముందర ఒకసారి గొంతు సవరించుకుంటరండి. గది మానుకోండి, ఎవరూ పట్టుకోలేరు.”

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఆగిపోయాం. ముందంతా ఊరేగింపు, డప్పులు, పాటలు. చాదర్‌ఘాట్ దాకా ఒక్క బండి కదలడం లేదని ఒక కానిస్టేబుల్ చెప్పాడు. గంట చూసి యాదయ్య బండి తిప్పాడు.

“ఇయ్యాల గోల్కొండ గాదు, చార్మినార్ గాదు. మీ పైసలు మీకు వాపస్ ఇస్త. స్టాండుకు పోదాం.”

“ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతోని పొమ్మంటవా?” అంది టీచర్. “ఏదో ఒకటి చూపెట్టు.”

యాదయ్య బండిని కొత్తపేట పండ్ల మార్కెట్ గేటు లోపలికి పోనిచ్చాడు. బందు వల్ల వేలం లేదు గానీ ముందు రోజు దిగిన బత్తాయి గుట్టలు అలాగే ఉన్నాయి. ఒక్కో గుట్ట పక్కన ఒక్కో రైతు, టవల్ పరుచుకుని. వాసనకి మాత్రం బందు లేదు.

యాదయ్య ఒక గుట్ట ముందు నిలబడ్డాడు. “మా నాయిన నన్ను ఈడికే తోల్కొచ్చెటోడు. చిన్నగున్నప్పుడు. రాత్రంతా లారీల కాయల మీద పండుకొని వస్తుంటిమి. షావుకారు కాయను ముట్టెటోడే గాదు. మా నాయిన పంచె జూసెటోడు, చెప్పుల్లేని కాళ్ళు జూసెటోడు, గప్పుడు రేటు చెప్పెటోడు. పక్కన గదే తోట కాయ, పాంటేసుకున్నోడు తెస్తే ఇంకో రేటు. గా దినం అనుకున్న. ధర కాయకుండాలె గని మనిషికుండొద్దు.”

నేను నా చెప్పులు చూసుకున్నాను. పొద్దున మల్లేశ్ నా కాళ్ళు చూసి ఐదొందలన్నప్పుడు నాకు మండింది. మా కొట్టు మెట్లెక్కే ప్రతి మనిషి కాళ్ళూ నేను ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

కాకినాడ ఆయన పర్సు తీసి, “ఈ మార్కెట్ చూపించినందుకు ఎంతివ్వమంటారండీ?” అన్నాడు.

“గీ జాగ తలుపు మీద లేదు గద సార్. రాయని జాగకు పైసలెట్ల తీస్కుంట?”

మళ్ళీ ఎల్బీనగర్: ఉల్లిగడ్డలు

తిరిగొచ్చేసరికి ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మూసేసి వంటావార్పు పెట్టారు. ఇది చూడనివాళ్ళకి చెప్పాలి. ఉద్యమంవాళ్ళు హైవే మధ్యలో రాళ్ళు పేర్చి పొయ్యిలు వెలిగిస్తారు, అక్కడే వండుతారు, అక్కడే తింటారు, దారిలో ఆగినవాళ్ళకీ పెడతారు. బళ్ళు విజయవాడ వైపు కనుచూపు మేర నిలిచిపోయాయి. పోలీసులు కూడా నీడ వెతుక్కుని కూర్చున్నారు. అన్నం గుండిగ అంత పెద్దది, గరిట కోసం పడవ తెడ్డు తెచ్చారు. టీచర్ పక్కన లేదు కాబట్టి దీన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆకలేస్తోంది. పొయ్యి దగ్గర పెత్తనం చేస్తున్న పెద్దామె ఎల్లమ్మ దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ, భోజనం ఎంత అని అడిగాను.

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. “ఏ ఊరు బిడ్డా?”

చెప్పాను. చుట్టుపక్కల రెండు మూడు తలలు నా వైపు తిరిగాయి.

“శానా దూరం,” అంది ఎల్లమ్మ. “పైసలు తీసేదుంటే హోటల్ పెడుదుం గద, రోడ్డు మీద ఎందుకు కూసుంటం? కూసో. ఉల్లిగడ్డలు కొయ్యి.”

తగ్గించమని అడగడానికి కూడా ఏమీ లేని ధర అది. రెండు బస్తాల ఉల్లిగడ్డల ముందు కూర్చున్నాను. అయిదు నిమిషాల్లో కళ్ళు ధారలు కట్టాయి. జెండా పట్టుకున్న ఒక కాలేజీ కుర్రాడు నా భుజం తట్టి, “ఆంధ్ర నుంచి వచ్చి మన కోసం ఏడుస్తున్నడు అన్నా,” అని పక్కవాళ్ళకి చూపించాడు. ఎవరో కెమెరా పట్టారు. ఆ రాత్రి టీవీలో బావ నన్ను చూసి, మా అక్కని పిలిచి, “మీవాడు ఇంత మంచివాడని నాకు ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?” అన్నాడు. ఇది నిజం.

మా బండివాళ్ళంతా వచ్చి నా చుట్టూ ఉల్లిగడ్డల పొట్టు తీస్తూ కూర్చున్నారు. స్టాండు డ్రైవర్లు కూడా ఉన్నారు, మల్లేశ్ పప్పు తిప్పుతున్నాడు. యాదయ్య కట్టెలు తెస్తున్నాడు. పొద్దున స్టాండులో ఒకళ్ళ గిరాకీ ఒకళ్ళు లాక్కునేవాళ్ళు అక్కడ ఒకే పొయ్యి ఊదుతున్నారు.

“మీ చీరాలలో నిజంగా అంత బేరమాడతరా?” అంది లలితమ్మ టీచర్.

ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండేది. “చీరాల దాకా ఎందుకండీ,” అన్నాను. “ఇవాళ పొద్దున ఇక్కడే. తలుపు మీద రెండొందల యాభై అని పెయింటుతో రాసుంటే, రెండొందలకి ఎక్కాను.”

నోట్లోంచి మాట దాటాక గుర్తొచ్చింది బానెట్ చల్లదనం. కాకినాడ ఆవిడ చేతిలో ఉల్లిగడ్డ ఆగిపోయింది. “మా ముగ్గురికీ ఏడొందల యాభై తీసుకున్నారే,” అంది మెల్లగా, భర్త వైపు తిరిగి.

మల్లేశ్ గరిట వదిలేసి వచ్చాడు. “యాదన్నా, కట్టెలు అవుతల పెట్టు. గీ సార్ ఏమంటున్నడో విను. బ్లేడు నా బండ్ల ఉంది, తేవాల్నా?”

యాదయ్య కట్టెలు దింపాడు. నా వైపు కూడా చూడలేదు. తన బండి తలుపు వైపు చూశాడు. అడిగితే అబద్ధం చెప్పే మనిషి కాడు. ఇంకో నిమిషం ఆగితే ‘అవును’ అనేసేవాడు.

నేను లేచి గట్టిగా గొంతు సవరించుకున్నాను.

“ఊరికే అన్నానయ్యా. రెండొందల యాభై నిక్కచ్చిగా ఇచ్చాను. చీరాలవాణ్ణి, రాసిన ధరకి ఎక్కానంటే పరువు తక్కువ కదా, అందుకని కోతలు కోశాను.”

లలితమ్మ టీచర్ నన్ను చూసింది. గొంతు సవరింపు విందని నాకు తెలుసు. నా రెండు మాటల్లో ఏది అబద్ధమో ఆవిడకి తెలిసిపోయిందనే నా నమ్మకం. ఆవిడ నెమ్మదిగా నాలుగో వేలు మడిచింది.

“నాలుగు,” అంది మల్లేశ్‌తో. “పొద్దటి నుంచి లెక్కవెడుతున్న. ఈయనకు సముద్రం ఉప్పు మోసిందట, చీర చిరిగినంక పైసలొచ్చినయట. ఈయన మాట మీద తలుపు గీకిస్తవా?”

కాకినాడ పాప అందుకుని సగం సీటు కథ చెప్పింది. డ్రైవర్లు నవ్వడం మొదలుపెట్టారు. కాకినాడ ఆవిడ మళ్ళీ పొట్టు తీయసాగింది. మల్లేశ్ మీసం దువ్వుకుని, “అటు దిక్కోళ్ళను నమ్మొద్దని ఊకెనే అంటరా,” అని పప్పు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు తగిలింది. కానీ దానికి జవాబు చెప్పే వీలు నేనే పోగొట్టుకున్నాను.

విస్తరాకుల్లో అన్నం, పప్పు, చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డ ముక్కలు. తొక్కు అంటే మన పచ్చడే గానీ మనకంటే కారం ఎక్కువ, నూనె తక్కువ. మూడుసార్లు పెట్టించుకున్నాను.

తిన్నాక యాదయ్య అందర్నీ బండి దగ్గరికి పిలిచాడు. అయిదు జాగాల్లో ఒక్కటీ చూపెట్టలేదు కాబట్టి తలుపు మీద రాసినట్టే డబ్బంతా వాపస్ చేశాడు. డీజిల్‌కైనా ఉంచుకోమంటే వినలేదు. స్టాండువాళ్ళంతా చూస్తున్నారు. నా వంతు వచ్చింది. రెండు వందలు పెట్టాడు. దాని మీద ఒక యాభై పెట్టాడు.

నేను రెండొందల యాభై ఇచ్చానని నేనే చెప్పాను కదా. అంతమంది ముందు ఇంకేం చేస్తాను, తీసుకున్నాను.

చెయ్యి వదలకుండా మెల్లగా అన్నాడు. “మీరు అబద్ధమాడి నన్ను కాపాడిన్రు సార్. గది నాకు మంచిగ లేదు. పొద్దున తప్పు చేసిన, యాభైతోని పోయింది. గీ తలుపు మీద రాసింది ఇప్పుడు నిజమైంది.”

మూడో రోజు పొద్దున

నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే మళ్ళీ ఎల్బీనగర్ వెళ్ళాను. యాదయ్య అద్దం తుడుస్తున్నాడు. నేను మళ్ళీ బోణీ. ఆ యాభై కాగితం ఆయన చేతిలో పెట్టి, “ఇది నీదే,” అన్నాను. ఆయన ముందు వద్దన్నాడు. తర్వాత తీసుకుని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం ఎదురుగా ఉన్న హోటల్‌కి వెళ్ళి వన్ బై టూ చాయ్ తాగాం. డబ్బు ఎవరిస్తారన్న దగ్గర మాత్రం కాసేపు బేరమాడుకున్నాం.

ఆ మధ్యాహ్నమే రైలెక్కి ఇంటికొచ్చేశాను.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, “మీటరు బద్ద మీద ఒట్టేశారు కదా, అందులో ఎన్ని అంగుళాలు తక్కువ?” అంది. అందుకని ఇది కూడా రాస్తున్నాను.

టీవీ నిజం. బత్తాయిలు నిజం. సముద్రం ఉప్పు తెచ్చిందని మా తాత నాకు చెప్పడం నిజం. తెడ్డు దగ్గర కాస్త పెంచాను. కల్పించింది మూడో రోజు పొద్దున ఒక్కటే.

వెళ్ళిన మాట నిజం. యాభై కాగితం విడిగా చొక్కా జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాను. యాదయ్య చుట్టూ మల్లేశ్, మిగతా డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళ ముందు ఇస్తే గుట్టు బయటపడుతుందని రోడ్డుకి ఇవతలే ఆగాను. కాసేపటికి వాళ్ళంతా చాయ్‌కి వెళ్ళారు. యాదయ్య ఒక్కడే మిగిలాడు. అయినా రోడ్డు దాటలేదు. ఇరవై నాలుగు గంటలు తిరక్కుండానే ఆ బేరంలో నాకు యాభై మిగిలింది. అలా మిగిలినదాన్ని తిరిగిచ్చే అలవాటు మా వంశంలో ఎవరికీ లేదు. ఆటో ఎక్కాను, ఆ ఆటో కూడా పది తగ్గించుకునే ఎక్కాను.

మీలో ఎవరైనా అటు వెళ్తే ఆ యాభై మీ చేత పంపుదామనుకున్నాను. ఎల్బీనగర్ చౌరస్తా, తెల్ల బండి, నీలం అక్షరాలు. కానీ మీరు ఎక్కి మూడొందలిచ్చినా ఆయన తీసుకోడు. తలుపు మీద అలా రాసి లేదు.